నలభై ఒకటో భాగం

నిమ్మకాయ వయసెంత అని నన్ను మొట్టమొదట అడిగిన మనిషి సుంకాల కార్యాలయంలో తనిఖీ అధికారి కూర్మారావు. వేళాకోళానికి అడగలేదు. చేతిలో కలం ఉంది, కలం కింద కాగితం ఉంది, కాగితం మీద ఒక గడి ఖాళీగా ఉంది.

“తెలీదు బాబూ,” అన్నాను.

“తెలీదు అని రాయడానికి గడి లేదమ్మా,” అన్నాడు. అతని ముఖం చూస్తే నాకే జాలేసింది.

నిమ్మకాయ సంగతి తరవాత. ముందు కారు సంగతి.

మా మామగారు దాలయ్య ఒకప్పుడు సముద్రం అవతల పెనాంగ్‌లో లిమ్ అనే చీనా వ్యాపారి దగ్గర డ్రైవరుగా చేశారు. మా అత్త నూకాలు కూడా ఆయనతో అక్కడే ఉండేది. ఆ వ్యాపారి ఒక పొడుగు ముక్కు కారు కొన్నాడు. పైన మీగడ రంగు, లోపల ఎర్ర తోలు సీట్లు. నడిపింది మా మామగారు, కడిగింది మా అత్త. పదకొండేళ్లపాటు రోజూ పొద్దున్నే బకెట్టూ గుడ్డా పట్టుకుని కడిగింది. డ్రైవరు పెళ్లాం కారు కడగవచ్చు, ఎక్కకూడదు. అలాగని ఎవరూ రాసిపెట్టలేదు. రాసిపెట్టిన రూలయితే ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు తప్పేవారు. రాయని రూలు కాబట్టి పదకొండేళ్లూ చెక్కు చెదరలేదు.

వాళ్లు ఇక్కడికి తిరిగి వచ్చి నలభై ఏడేళ్లయింది. మామగారు పోయారు. తరవాత ఆయన కొడుకు, అంటే మా ఆయన, పోయారు. ఇంట్లో అత్తా నేనూ మిగిలాము. నాకు అరవై రెండు, ఆవిడకు తొంభై నాలుగు. ఆ వయసు వాళ్లు దేవుణ్ణి మోక్షం అడుగుతారంటారు. మా అత్త మోక్షం జోలికి పోదు.

“ఆ ఎనక సీటు మెత్తగుంటాదో గట్టిగుంటాదో తెల్దు. తెలకుండానే పోతానేటే పైడీ?” అంటూ ఉంటుంది.

అలాంటిది, మొన్న ఏడాది ఆ వ్యాపారి మనవడి దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. వాళ్ల తాతగారి పాత కాగితాలు తిరగేస్తుంటే ఒక మాట కనబడిందట. ‘ఈ కారు నా తరవాత డ్రైవరు దాలయ్యకు, అతను లేకపోతే అతని భార్యకు.’ ఆ మనవడు నిజాయితీపరుడు. ఓడ కిరాయి కూడా తనే కట్టి కారు పంపేశాడు. పంపేముందు, చిన్నప్పుడు మా మామగారు కారు ముందు నిమ్మకాయా మిరపకాయలూ కట్టేవారని గుర్తు తెచ్చుకుని, బజారుకు వెళ్లి కొని, గుచ్చి, నల్ల తాడుతో బంపరుకు కట్టాడు. ఎనిమిది ముళ్లు వేశాడు. మనవాళ్లయితే రెండు ముళ్లతో సరిపెట్టేవారు. పరాయివాడు కాబట్టి భక్తి ఎక్కువ.

ఆ ఎనిమిది ముళ్లే మా కొంప మీదికి వచ్చాయి.

*

కారు రేవులో దిగిందని కబురు తెచ్చినవాడు కనకలింగం. ఓడ సరుకు విడిపించే ఏజెంటు, మాకు దూరపు చుట్టం, నన్ను పిన్నీ అంటాడు.

“పిన్నీ, నీ అదృష్టం బాగుంది. కొత్త పథకం పెట్టారు. యాభై ఏళ్లు నిండిన కారుకి సుంకం లేదు. మనదానికి యాభై ఎనిమిది. సంతకం పెట్టి తోలుకొచ్చెయ్యడమే.”

పథకం పేరు ప్రాచీన వాహన గౌరవ పథకం. కార్యాలయం గుమ్మం మీద ‘ప్రాచీనతే మన ఐశ్వర్యం’ అని కొత్త బోర్డు కట్టారు. దాని కింద, బల్ల మీద, పథకం వివరాలతో తెలుగులో అచ్చేసిన చిన్న పుస్తకాలు పెట్టారు. ఊరికే ఇస్తారు. ఎవరూ చదవరన్న ధైర్యంతో ఇస్తారు. నేను ఒకటి తీసుకున్నాను. ఏ కాగితం మీద వేలిముద్ర వేస్తున్నానో తెలియాలని యాభై ఐదో ఏట అక్షరాలు నేర్చుకున్నదాన్ని. కష్టపడి సంపాదించుకున్నవి కాబట్టి ఒక్క అక్షరాన్నీ వదలను. పుస్తకం చదవడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది.

మొదటి రోజు అత్త కూడా వచ్చింది. కారు ఆవరణలో ఒక మూల నిలబడి ఉంది. నిండా ధూళి. అత్త దాని చుట్టూ ఒకసారి తిరిగి, ఎడమ తలుపు దగ్గర ఆగి, వేలు చూపించింది. సన్నటి గీత.

“ఇది నా గాజు గీసిందే. మీ మామ ఆ దినం అన్నం తిన్లేదు,” అని బొడ్డు సంచిలోంచి గుడ్డ తీసి తుడవబోయింది.

“మామ్మా, ముట్టకండి!” అని కూర్మారావు పరుగెత్తుకు వచ్చాడు. “ఆవరణలో ఉన్న బండిని బయటివాళ్లు ముట్టకూడదు. ఇది విదేశీ ధూళి. కడగాల్సొస్తే మా సిబ్బందే కడగాలి.”

“నాకంటే బాగా కడుగుతావేటి?”

“అది కాదు మామ్మా. రూలు.”

అత్త గుడ్డ మడిచి సంచిలో పెట్టుకుంది.

*

సూపరింటెండెంటు గారి పేరు త్రివిక్రమరావు. చెడ్డమనిషి కాదు. నన్ను కూర్చోమన్నారు, మంచినీళ్లు ఇప్పించారు, తరవాత అడిగారు.

“అమ్మా, కారు అనగా ఏమి?”

“కారేనండి.”

“కాదు. కారు అనగా భాగముల సముదాయము. సముదాయమునకు స్వంత వయస్సు ఉండదు. భాగములకు ఉండును. కావున భాగముల వయస్సులన్నియు కూడి, భాగముల సంఖ్యచే భాగించి, వచ్చిన సగటునే సదరు వాహనపు వయస్సుగా నిర్ధారింపవలెనని గత మాసమున ఆదేశములు వచ్చినవి.”

కనకలింగం నా చెవిలో గొణిగాడు. “ఇదివరకు ఇంజను మీద అంకె సూసి ఒదిలేసేవోరు పిన్నీ. ఎవడో పెద్దమనిసి పాత ఇంజను మీద కొత్త కారు కట్టించి తెచ్చాడంట. దాంతో ఈ లెక్కొచ్చింది.”

కూర్మారావు పదకొండు రోజులు కారు కింద, కారు మీద, కారు లోపల గడిపాడు. అంత శ్రద్ధగా పనిచేసే ఉద్యోగిని నేను మరెక్కడా చూడలేదు. టైర్లలోని గాలి పెనాంగ్ గాలి కాబట్టి దాని వయసు ఎంతని పై కార్యాలయానికి రాశాడు. గాలిని వదిలిపెట్టమని జవాబు వచ్చింది. వదిలిపెట్టమంటే లెక్కలోంచా, టైర్లలోంచా అని మళ్లీ రాశాడు. జవాబు రాలేదు. మా అత్త గాజు గీతను కూడా భాగంగా రాయాలా అని సూపరింటెండెంటు గారిని అడిగాడు.

“గీత అనగా రంగు లేకపోవుట,” అన్నారాయన. “లేకపోవుటకు వయస్సు గణింపబడదు.”

మొత్తం మీద నలభై భాగాలు తేలాయి. ఇంజను, తలుపులు లాంటి ముప్పై భాగాలకు తలా యాభై ఎనిమిదేళ్లు. టైర్లు, బ్యాటరీ, ముందు అద్దం లాంటి తొమ్మిది మధ్యమధ్యలో మార్చినవి. వాటికి అన్నీ కలిపి రెండు వందల ముప్పై ఏళ్లు. నలభయ్యో భాగం నిమ్మకాయ దండ. అప్పుడే కూర్మారావు నన్ను దాని వయసు అడిగింది. రెండు నెలలుంటుందేమో అన్నాను. గడిలో సంవత్సరాలే రాయాలి. సున్నా అని రాశాడు.

నిమ్మకాయ కారు భాగం ఎలా అవుతుందని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను. సూపరింటెండెంటు గారు నేను తెచ్చుకున్న ఆ చిన్న పుస్తకంలోంచే ఏడో నిబంధన చదివి వినిపించారు.

“తనిఖీ సమయమున వాహనముపై గాని, వాహనములో గాని కనబడి, తొలగించుటకు ముమ్మారు ప్రయత్నించినను తొలగనిది ఏదైనను సదరు వాహనపు భాగముగా భావింపబడును.”

కూర్మారావు రాతలో అదే ఉంది. ‘దండ మూడు సార్లు లాగబడినది. రాలేదు.’ ఎనిమిది ముళ్లు మరి.

“పైగా మిరపకాయలను విడివిడిగా లెక్కింపలేదు. అది శాఖ చూపిన దయ,” అన్నారు సూపరింటెండెంటు గారు. అది నిజమే. ఏడు మిరపకాయలనూ విడిగా లెక్కపెట్టి ఉంటే మా కారు నలభై రెండేళ్లకు దిగిపోయేది.

దయ చూపిన తరవాత వచ్చిన వయసు నలభై తొమ్మిదేళ్ల మూడు నెలలు.

యాభై నిండలేదు కాబట్టి సుంకం పడింది. కారు ఖరీదుకు రెండింతలు. ఖరీదు వేసేటప్పుడు పాతది కాబట్టి అరుదైనదనీ, అరుదైనది కాబట్టి విలువైనదనీ రాశారు. సుంకం వేసేటప్పుడు పాతది కాదని రాశారు. రెండూ ఒకే కాగితం మీద, ఒకే చేతిరాతతో ఉన్నాయి. మా ఇల్లు, పక్కిల్లు, మధ్యలో గోడ కలిపి అమ్మినా ఆ సొమ్ము రాదు. తొంభై రోజుల్లో కట్టకపోతే కారు తుక్కు కింద నలగ్గొట్టేస్తారు.

బస్సులో ఇంటికి వస్తూ టిక్కెట్టు వెనక లెక్క వేసుకున్నాను. నిమ్మకాయ లేకపోతే భాగాలు ముప్పై తొమ్మిది. సగటు యాభైన్నర.

*

మర్నాడు కత్తెర పట్టుకుని వెళ్లాను.

“దండ కత్తిరించేస్తానండి.”

సూపరింటెండెంటు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. “తనిఖీలో నమోదైన భాగమును తొలగించుట నేరము. అదిగాక, నిమ్మకాయ పంట. విదేశపు పంటను ముట్టుటకు సస్యరక్షణ వారి అనుమతి ఉండవలెను.”

సస్యరక్షణ కార్యాలయం పక్క వీధిలోనే ఉంది. అక్కడ ఒక అమ్మాయి అధికారి. కాగితం చూసి నవ్వింది గానీ, సంతకం చేసేటప్పుడు నవ్వలేదు.

“మేం పళ్లనీ విత్తనాలనీ చూస్తామండీ. ఇది కారు భాగం అని వాళ్లే రాశారు కదా. కారు భాగాలు మావి కావు. ఇది కారు భాగం కాదని వాళ్ల దగ్గర రాయించుకురండి, అప్పుడు పండో కాదో మేం చూస్తాం.”

తిరిగి సుంకాల కార్యాలయానికి వచ్చాను. “అది పండేనని వారు రాసిచ్చినచో, భాగము కాదని మేము పరిశీలింతుము,” అన్నారు వీళ్లు.

ఈ రెండు వీధుల మధ్య నడవడానికి తొంభైలో డెబ్బైకి పైగా రోజులు ఖర్చయ్యాయి. ఈలోగా నిమ్మకాయ ఎండి గోలీకాయంత అయింది. ముళ్లు మాత్రం బిగిసి ఇంకా గట్టిపడ్డాయి.

చివరికి ఇంకొక ఉపాయం తోచి వెళ్లాను. “బాబూ, తొమ్మిది నెలలు ఆగితే సగటు దానంతట అదే యాభై అవుతుంది కదా. గడువు పొడిగించండి. ఆవరణలో ఉంటే మీకేమి నష్టం?”

త్రివిక్రమరావు గారు జాలిగా చూశారు. “అమ్మా, ఆవరణలో ఉన్నంతకాలము వస్తువు దేశములోనికి వచ్చినట్లు కాదు, విదేశములో ఉన్నట్లును కాదు. ఎక్కడా లేని వస్తువునకు వయస్సు పెరుగదు. గడువు మాత్రము తరుగును. శాఖకు కళ్లు లేవు తల్లీ, గడులు మాత్రమే ఉన్నవి.”

ఇంటికి వచ్చి ఆ మాట చెబితే మా అత్త మంచం మీద లేచి కూర్చుంది.

“ఆడ వయసు పెరగదా?”

“పెరగదట అత్తా.”

“మరి నాకెందుకు సెప్పలేదే ఇన్నాళ్లూ? డెబ్బయ్యో ఏటనే ఎల్లి ఆడ పడుకునేదాన్ని.” మళ్లీ అంది, “ఎన్ని దినాలుంది గడువు?”

“పదకొండు.”

“పదకొండేళ్లు కడిగినాను. పదకొండు దినాల్లో నలగ్గొడతారు,” అంది. గోడవైపు తిరిగి పడుకుంది. మధ్యాహ్నం గంజి తాగలేదు.

*

తొంభయ్యో రోజు తుది తనిఖీ. యజమాని వచ్చి, వాహనాన్ని చేత్తో తాకి, ఇది నాదే అని చెప్పాలి. తనది కాని వస్తువును నలగ్గొట్టడం నేరం కాబట్టి ఆ నిబంధన పెట్టారు. కారు అత్త పేరున వచ్చింది. కనకలింగం ఆటో తెచ్చాడు.

ఆవరణలో కూర్మారావు కాగితాల అట్ట పట్టుకుని నిలబడ్డాడు. పక్కన సూపరింటెండెంటు గారు.

“యజమాని వాహనమును స్పృశించి గుర్తింపవలెను,” అన్నారాయన.

అత్త వెళ్లి తలుపు పిడి మీద చెయ్యి వేసింది. ఆ పిడిని కొంచెం పైకెత్తి లాగితే గాని తలుపు రాదట. అది కూర్మారావు పదకొండు రోజుల తనిఖీలోనూ తేలలేదు, మా అత్త చేతికి మాత్రం గుర్తుంది. తలుపు తెరుచుకుంది. ఆవిడ వంగి, ఒక కాలు లోపల పెట్టి, రెండో కాలు రెండు చేతులతో ఎత్తి లోపల పెట్టుకుని, వెనక సీట్లో కూర్చుంది. తలుపు వేసుకుంది.

స్పృశించడానికి ఎంతసేపు పట్టాలో పుస్తకంలో లేదు.

కాసేపటికి కూర్మారావు అద్దం దగ్గర వంగాడు. “మామ్మా, అయిపోయింది. దిగండి.”

“ఎందుకు దిగాల?”

“రేపు దీన్ని తుక్కుకి పంపిస్తారు మామ్మా.”

“నన్నూ పంపించండి. తొంభై నాలుగేళ్ల ఇనుము నాను. మంచి రేటొస్తాది.”

కూర్మారావు గడియారం చూసి కాగితం మీద ఏదో రాసుకున్నాడు. సూపరింటెండెంటు గారు ముందుకు వచ్చారు.

“అమ్మా, శాఖాపరముగా విజ్ఞప్తి చేయుచున్నాను. దిగవలెను.”

“నువ్వు మంచోడివే బావూ. నాను దిగను.”

కూర్మారావు మళ్లీ రాసుకున్నాడు. కనకలింగం నావైపు తిరిగాడు. “పిన్నీ, నువ్వు సెప్పు. నీ మాటింటాది.”

“దిగు అత్తా,” అన్నాను.

“నువ్వు దూరం ఉండే పైడీ. ఇది మీ మామకీ నాకూ సంబందించింది.”

కూర్మారావు మూడోసారి రాసుకున్నాడు. అతని పక్కనే ఉన్నాను కాబట్టి చదివాను. ‘పదకొండు గంటల ఐదు నిమిషాలకు పిలవబడినది. దిగలేదు. పదకొండు గంటల ఏడు నిమిషాలకు పిలవబడినది. దిగలేదు. పదకొండు గంటల తొమ్మిది నిమిషాలకు పిలవబడినది. దిగలేదు.’ అదే చేతిరాత. అవే మూడు సార్లు.

సంచిలోంచి పుస్తకం తీశాను. ఏడో నిబంధన తీసి, వేలు పెట్టి, పైకి చదివాను. నేను నెమ్మదిగా చదువుతాను. ఆవరణలో ఉన్న నలుగురూ ప్రతి మాటా వినేటంత నెమ్మదిగా.

“తనిఖీ సమయమున. వాహనముపై గాని, వాహనములో గాని కనబడి. తొలగించుటకు ముమ్మారు ప్రయత్నించినను తొలగనిది. ఏదైనను.”

“అమ్మా, ఆమె మనిషి!” అన్నారు సూపరింటెండెంటు గారు.

“మనిషి కాకూడదని పుస్తకంలో లేదండి. తొమ్మిది రోజులు చదివాను.”

“చూచుచున్నాము గదా, ఎదుట కూర్చున్నది మనిషియే!”

“శాఖకు కళ్లు లేవు, గడులే ఉన్నాయని మీరే సెలవిచ్చారు బాబూ.”

ఆయన నుదురు తుడుచుకున్నారు. కనకలింగం అప్పటికే చేతిఫోనులో లెక్క కట్టేశాడు. భాగాలు నలభై ఒకటి. కొత్త భాగం వయసు తొంభై నాలుగు. సగటు యాభై ఏళ్ల నాలుగు నెలలు.

“అయ్యా,” అన్నాడు వినయంగా, “మామ్మ భాగం కాదంటారా, అలాగే కానివ్వండి. ఆ లెక్కన నిమ్మకాయా భాగం కాదు. రెండూ ఒకే రూలు కదా. నిమ్మకాయ తీసేసినా యాభై దాటిపోద్ది. కాకపోతే తొంభై రోజుల కిందట తమరు పెట్టిన సంతకం తప్పని రాయాలి.”

త్రివిక్రమరావు గారు చాలాసేపు ఆలోచించారు. ఒకవైపు ఒక తప్పు దిద్దుకోవడం. ఇంకొకవైపు ఒక ముసలావిణ్ణి మోటారు విడిభాగాల పట్టీలో చేర్చడం. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసు ఉన్న మనిషికి అందులో ఆలోచించవలసింది ఏమీ లేదు గానీ, హోదా కోసం ఆలోచించారు.

“కూర్మారావ్,” అన్నారు, “తప్పు దిద్దుటకు గడి లేదు. భాగము చేర్చుటకు కలదు. చేర్చుడు.”

*

కూర్మారావు అద్దం దగ్గర కొత్త కాగితం పట్టుకుని నిలబడ్డాడు. అత్త బొడ్డు సంచిలోంచి ఆధార్ కార్డు తీసి ఇచ్చింది. తయారీ సంవత్సరం గడిలో పుట్టిన సంవత్సరం ఎక్కింది.

“తయారైన ఊరు మామ్మా?”

“సోంపేట.”

“స్వదేశీ భాగం,” అని రాశాడు. “దీని మీద వేరే సుంకం ఉండదు. స్థితి?”

“నోరు పంజేస్తాది. మోకాళ్లు పంజెయ్యవు.”

“పళ్లు?”

“లేవు.”

“లేకపోవుటకు వయస్సు గణింపబడదు,” అని దూరం నుంచి సూపరింటెండెంటు గారు అందించారు.

కూర్మారావు చివరి గడి దగ్గరకు వచ్చాడు. “ఈ భాగంలో ఎప్పుడైనా ఏదైనా మార్చారా? కొత్తది వేయడం లాంటిది?”

“ఎందుకు మార్సలేదూ, ఆరేళ్ల కిందట కంటి...”

“అత్తా! నోరు ముయ్యి!” అని అరిచాను.

పెళ్లయి వచ్చిన నలభై మూడేళ్లలో ఆవిణ్ణి నేను అంత మాట అనలేదు. కానీ ఆరేళ్ల కిందట ఆవిడ కుడి కంటికి శుక్లం తీసి లెన్సు పెట్టారు. అది నలభై రెండో భాగం అయి, దానికి ఆరేళ్లని రాస్తే, కారు మళ్లీ నలభై తొమ్మిదికి జారిపోతుంది.

కూర్మారావు తలెత్తాడు. అద్దంలోంచి అత్త ముఖంలోకి చూశాడు. ఎండ పడి ఆవిడ కుడి కన్ను లోపల లెన్సు మెరుస్తోంది. నిమ్మకాయను వదలని మనిషి, గాలిని వదలని మనిషి. ఆ మెరుపును చూస్తూ నిలబడ్డాడు. కలం గడి మీద ఆగింది.

“మామ్మా, ఆ సీట్లో ఎప్పుడైనా కూచున్నారా ఇదివరకు?” అని అడిగాడు. ఆ ప్రశ్న కాగితంలో లేదు.

“పదకొండేళ్లు కడిగినాను నాయనా. కూకోలేదు.”

కూర్మారావు తల వంచి ‘మార్పులు: ఏవియు లేవు’ అని రాశాడు. సంతకం పెట్టి, సిరా ఆరిందాకా ఊదాడు.

*

ఉత్తర్వు సాయంత్రానికి తయారైంది. అందాకా అత్త దిగలేదు. కనకలింగం అద్దంలోంచి ఇడ్లీ పొట్లం అందించాడు. సుంకం లేదు. షరతులు రెండు. నేను పైకి చదివాను.

“ఒకటి. నలభై ఒక్క భాగములలో దేనినైనను అయిదు సంవత్సరముల వరకు వాహనమునుండి వేరు చేయరాదు. ప్రతి యేట శాఖవారు వచ్చి భాగములన్నియు పనిచేయుచున్నవని నిర్ధారించుకొందురు.”

అత్త చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని వింది. “అంటే అయిదేళ్లు నాను సావకూడదన్నమాట.”

“అంతేలా ఉంది అత్తా.”

“ముద్ర ఏసినారా?”

“వేశారు. గుండ్రటిది.”

“ఆ కాయితం జాగర్త. ఎవులైనా వచ్చి పిలిస్తే సూపించాల.”

రెండో షరతు విదేశీ ధూళి గురించి. ఆవరణ దాటేలోగా వాహనం శుభ్రంగా కడగాలి. బయటివారు ముట్టరాదు, సిబ్బందే కడగాలి. ఇద్దరు ఉండాలి, ఒకరు నీళ్లు పట్టడానికి, ఇంకొకరు తుడవడానికి. ఆ రోజు కాపలా మనిషి సెలవు పెట్టాడు. ఉన్న సిబ్బంది కూర్మారావు ఒక్కడే. ఇంకొకరు కావాలి. ఉత్తర్వు మీద ఆనాటి తేదీ పడిపోయింది కాబట్టి రేపటికి వాయిదా వేయడానికి లేదు.

త్రివిక్రమరావు గారు చొక్కా చేతులు మడుచుకుని నీళ్ల గొట్టం పట్టుకున్నారు. కూర్మారావు ప్యాంటు మోకాళ్లదాకా ఎత్తి గుడ్డ తీసుకున్నాడు. అత్త తన సంచిలోని గుడ్డ కూడా అద్దం సందులోంచి ఇచ్చింది. “ఇది మెత్తది. అద్దాలకి,” అంది.

పైకప్పు మీద నుంచి ధూళి ఎర్రగా కారింది. దాని కింద మీగడ రంగు బయటపడింది. అత్త వెనక సీట్లో రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, కదలకుండా, కడిగేవాళ్లని చూస్తూ కూర్చుంది. మధ్యలో ఒకసారి వేలితో అద్దం కొట్టింది. సూపరింటెండెంటు గారు వంగారు.

“తలుపు కింద అంచు ఒదిలేసినారు బావూ. ఆడే తుప్పు పడతాది. నాను రోజూ తుడిసేదాన్ని.”

ఆయన వంగి, గొట్టం కింద అంచుకు తిప్పారు.

నేను అవతలి అద్దం దగ్గరకు వెళ్లాను. “అత్తా, ఇంతకీ సీటు ఎలాగుంది?”

అత్త సీటు మీద అరచేత్తో ఒకసారి రాసింది. ఒకసారి నొక్కింది. అటూ ఇటూ కదిలి చూసింది.

“గట్టిగుందే పైడీ,” అంది మెల్లగా. “లోపలేదో గుచ్చుకుంటంది.”

“మరి దిగుతావా కాసేపు?”

మా అత్త నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూసింది.

“నువ్వే గదే సదివినావు. దిగకూడదు,” అని వెనక్కి ఆనుకుంది.